శనివారం రాత్రి శనగల కుండ

గ్రీసులోని సిఫ్నోస్ దీవిలో నన్ను స్కెపస్తారియా అంటారు. మూతతో కప్పే కుండ అని అర్థం. నేను పుట్టిందే శనగల కోసం. శనివారం సాయంత్రం నానిన కాబూలీ శనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, రెండు దాఫ్నీ ఆకులు (మీ బిరియానీ ఆకుకు దగ్గరి చుట్టం) వేసి, నీళ్ళు పోసి, మూత పెట్టి నన్ను కట్టెల భట్టీలోకి తోస్తారు. రాత్రంతా ఆరిపోతున్న నిప్పుల వేడికే ఉడుకుతాను. ఆదివారం చర్చి ముగిశాక బయటికి తీసి, నిమ్మకాయ పిండుకుని తింటారు. ఆ వంట పేరు రెవిథాదా. పూర్వం ఊళ్ళో ఇంటికొక కుండ చొప్పున రొట్టెల భట్టీకి చేరేది. ఎవరి కుండ ఎవరిదో భట్టీవాడికి చూడగానే తెలిసేది.

నన్ను చేసింది వాథీ అనే చిన్న రేవులో. పడవల్లోకి సరుకు ఎక్కించడం తేలికని మా కుమ్మరులు సముద్రం ఒడ్డునే సారెలు పెట్టుకున్నారు. దీవి చిన్నది, జనం మూడు వేల లోపే. బతుకుతెరువు కోసం ఎందరో కుమ్మరులు ఏథెన్స్ పక్కనున్న మరూసీ దాకా వెళ్ళి అక్కడ కుండలు కాల్చే ఆవాలు పెట్టారు. ఇప్పుడు వలస ఇటువైపు తిరిగింది. వేసవి వస్తే వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు పిరయస్ రేవులో ఓడెక్కి మా కమారెస్‌లో దిగుతారు. ఈస్టర్ వెళ్ళాక వచ్చి అక్టోబర్‌లో పోతారు. ఈ అయిదారు నెలలనూ వాళ్ళు ‘సెజోన్’ అంటారు. ఏడాది మొత్తానికి సరిపడే సంపాదన అందులోనే రావాలి.

నా వంటవాడూ అలాగే వచ్చాడు. థెస్సలీ మైదానంలో ఊరు, నలభై దాటిన వయసు. గుడ్డలో చుట్టిన మూడు కత్తులు, ఒక చేతిసంచి. వచ్చిన రోజే నన్ను అరలోంచి దించి, మూత తీసి, వేలి కణుపుతో అంచుమీద కొట్టి విన్నాడు. ఖంగుమంది. అప్పుడు కడిగాడు.

మాది సముద్రానికి ఎదురుగా ఉన్న హోటలు. కొత్తసున్నం గోడలు, నీలం కుర్చీలు, బల్లల కింద ఇసుక. వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని గాలి ఎంత బాగుందో అంటారు. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి వీచే ఆ గాలిని మెల్తెమి అంటారు. దీవి బతికేది దాని చలవవల్లే. కానీ అది వంటగదిలోకి రాదు. రానిస్తే గ్యాసు మంట రెపరెపలాడి ఆరిపోతుంది, అందుకని కిటికీ మూసేయాలి. సముద్రం పది అడుగుల్లో ఉంటుంది, మా వంటవాడు మాత్రం వారమైనా దాన్ని చూడడు.

పొద్దున్నే మొదటి పని బెషమెల్. ముసాకా అనే వంటకం మీద పోసే ఆ తెల్లని సాస్‌ను గ్రీకు వంటలో స్థిరపరచిన నికొలావోస్ చెలెమెన్తెస్ మా సిఫ్నోస్‌వాడే. 1878లో ఎక్సాంబెలాలో పుట్టాడు. ఇప్పటికీ గ్రీకులో వంటల పుస్తకాన్ని ‘చెలెమెన్తెస్’ అనే అంటారు. మా దీవికి అది గర్వకారణమే. కానీ ఆ సాస్ కలిపేవాడి అవస్థ నేను దగ్గరనుంచి చూశాను. వెన్నలో పిండి వేయించి పాలు పోశాక చేయి ఆపకూడదు, ఆపితే ఉండ కడుతుంది. అరగంటసేపు ముఖం గిన్నెమీదే ఉంటుంది. చెమట అందులో పడకుండా అతను నుదుటికి గుడ్డ కట్టుకునేవాడు. మధ్యాహ్నానికి చొక్కా వీపు ఆరి తెల్లగా ఉప్పు చారలు తేలేవి. మోచేతికింద భట్టీ కమ్మి తగిలి కాలిన మచ్చలు నిచ్చెనమెట్లలా ఒకదానిపై ఒకటి. నన్ను ఎత్తేటప్పుడు పొడిగుడ్డే మడతపెట్టి పట్టుకునేవాడు. తడిగుడ్డ పట్టుకుంటే క్షణంలో ఆవిరై అరచెయ్యి ఉడికిపోతుంది. గిన్నెలు తోమే బంగ్లాదేశ్ కుర్రవాడికి అతను నేర్పిన మొదటి పాఠం అదే.

వడగాడ్పుల వేళ ఇప్పుడు ప్రభుత్వం మధ్యాహ్నం పన్నెండునుంచి అయిదుదాకా ఎండలో చేసే పనులు ఆపమంటోంది. 2023 జూలైలో ఏథెన్స్‌లోని అక్రోపొలిస్‌నే మధ్యాహ్నాలు మూసేశారు. మంచిపనే. కానీ ఆ ఆజ్ఞ నీడలో, నిప్పు ముందు నిలబడ్డవాడి దాకా రాదు. అతని మధ్యాహ్నం అప్పుడే మొదలవుతుంది.

ఆగస్టు 15 మాకు పెద్ద పండగ, మరియమ్మ పండగ. ముందురోజు రాత్రి దీవిలో కాలు పెట్టే చోటు ఉండదు. పొగ లాగే ఫ్యాను జూలైనుంచే మూలుగుతోంది. వంటవాడు యజమానితో మూడుసార్లు చెప్పాడు. సెజోన్ అయ్యాక చూద్దామన్నారు. ఆ రాత్రి పది గంటలకు అది ఆగిపోయింది. మూకుడులో నూనె, చువ్వలమీద చేపలు, భట్టీలోంచి అప్పుడే తీసిన నేను. పొగ కప్పునుంచి కిందికి దిగింది. అతను బల్ల అంచు పట్టుకోబోయి పట్టు తప్పాడు. పడుతూ చెయ్యి తగిలి చన్నీళ్ళ జగ్గు నామీద ఒలికింది. నా ఒంట్లో టప్‌మని చప్పుడైంది.

“షెఫ్! షెఫ్!” అంటూ కుర్రవాడు చంకల్లో చేతులేసి అతన్ని వెనకమెట్టు దాకా ఈడ్చుకెళ్ళాడు. మెడమీద తడిగుడ్డ వేశాడు. నిమ్మరసంలో ఉప్పు కలిపి తాగించాడు. “చాల్లే బాబూ, లేస్తాను” అన్నాడతను. లేవలేకపోయాడు. పది నిమిషాలకు లేచాడు. ఆర్డరు చీట్లు వరుసగా వేలాడుతున్నాయి. అన్నీ పూర్తిచేశాడు. అర్ధరాత్రి దాటాక ఆరుగురు వచ్చారు. వంటగది కట్టేశాం అని వడ్డించేవాడు చెబితే ఇంత దూరం వచ్చామే అని గొంతు పెంచారు. యజమాని కూర్చోబెట్టారు. వంటవాడు ఆర్పిన పొయ్యి మళ్ళీ వెలిగించాడు.

నాకు ఇక్కడ ఎంతో మర్యాద ఉంది. కొత్తకుండను ముందు నీళ్ళలో నానబెట్టి గానీ పొయ్యెక్కించరు. సెగ మెల్లగా తగలనిస్తారు. దించాక చల్లని రాతిమీద పెట్టరు, బీటేస్తుందని భయం. ఇంత జాగ్రత్త ఆవంలో ఒకసారి కాలి గట్టిపడ్డ మట్టికి! ఏ ఆవంలోనూ కాలని మనిషికి ఇందులో సగమైనా దక్కలేదు. ఆ రాత్రినుంచి నాకు ఇదొక్కటే బాధ.

నా ఒంట్లో బీట ఇప్పుడు వెంట్రుకంత. నీరు నిలవదు. మరుసటి మే నెలలో వంటవాడు మళ్ళీ వచ్చాడు. ఫ్యాను మార్చారా అని అడిగాకే సంచి దించాడు. మార్చారు. నన్ను పారేయనివ్వలేదు, మట్టి నింపి తులసికి దగ్గరిదైన వాసిలికో మొక్క నాటి వెనకమెట్టు మీద పెట్టాడు. రాత్రి పని ముగిశాక నా పక్కనే కూర్చుని చెప్పులు విప్పుతాడు.

మీరు ఎప్పుడైనా మా దీవికి వస్తే, తప్పకుండా రెవిథాదా తినండి. అయితే అర్ధరాత్రి దాటాక వంటగది కట్టేశాం అని ఎవరైనా చెబితే, దయచేసి లేచి వెళ్ళిపోండి. రొట్టెల దుకాణం పొద్దున్నే తెరుస్తారు.