నేను వంటింటి కాటాను

నేను వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటాను. ఐదు కిలోల దాకా మోస్తాను, గ్రాము తేడా వచ్చినా చెబుతాను. నా పళ్లెం కింద ఒక లోహపు కడ్డీ ఉంది. బరువు పడితే అది కంటికి కనిపించనంత కొద్దిగా వంగుతుంది. దానికి అతికించిన సన్నటి తీగల్లో విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే నా తెర మీద అంకెగా కనిపిస్తుంది.

నన్ను విజయవాడలో ఒక ఇంటికి తెచ్చారు. ఆ ఇల్లాలికి 42 ఏళ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. మోకాళ్లు నొప్పి పెడుతుంటే బరువు తగ్గాలనుకుంది. అంతకుముందు రాత్రిపూట అన్నం మానేసి కొంత తగ్గింది, ఆకలికి ఆగలేక మళ్లీ పెరిగింది. అందుకే ఈసారి లెక్కతో మొదలుపెట్టింది.

ఆమె వాడింది 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం. కిలోల బరువును 10తో, సెంటీమీటర్ల ఎత్తును 6.25తో హెచ్చించి కలపాలి. వయసును 5తో హెచ్చించి అందులోంచి తీసేయాలి. ఆపైన ఆడవారైతే 161 తీసేయాలి, మగవారైతే 5 కలపాలి. ఆమెకు 1389 కేలరీలు వచ్చాయి. రోజంతా కదలకుండా పడుకున్నా ఒంటికి అయ్యే ఖర్చు అది. ఇంటిపని, కాస్త నడక ఉన్నాయి కనుక 1.375తో హెచ్చిస్తే 1910 అయింది. అందులో సుమారు 400 తగ్గించి, రోజుకు 1500 కేలరీలు తినాలని నిర్ణయించుకుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీల లోటు కావాలి. అంటే కిలోకు ఇరవై రోజుల లోపు. ఒళ్లు నీరసించకుండా సాగే వేగమిది.

"అన్నం తూచుకుని తింటారా ఎక్కడన్నా?" అంది అత్తగారు.

"అన్నం కాదత్తయ్యా, బియ్యం తూస్తున్నా" అంది కోడలు.

ఆ మాటలో విషయముంది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలుంటాయి. ఉడికితే నీళ్లు పీల్చుకుని రెండున్నర, మూడు రెట్లు తూగుతుంది. కేలరీలు మాత్రం అంతే ఉంటాయి. అందుకే పొయ్యి మీద పెట్టకముందే తూచాలి.

అయినా నా వల్ల ఎక్కువ మేలు జరిగింది నూనె దగ్గర. పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4 కేలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది. ఆమె నూనె సీసాను నా మీద పెట్టి, అంకెను సున్నా చేసి, మామూలుగా కూరలో పోసి సీసాను మళ్లీ పెట్టింది. మైనస్ 62 చూపించాను. నలుగురి కూరకు 62 గ్రాములంటే 558 కేలరీలు. మందపాటి మూకుడు తీసి, మూతపెట్టి మగ్గిస్తే 28 గ్రాములతో అదే కూర అయింది. మనిషికి పూటకు 76, రెండు పూటలకు 150 పైన మిగిలాయి. తగ్గించాలనుకున్న 400లో మూడో వంతుకు పైగా ఒక్క నూనెలోనే దొరికింది. ఆ ధైర్యంతోనే పప్పు, పెరుగు, గుడ్డు తగ్గించలేదు, కూరగాయలు పెంచింది.

ఉప్పు ఎక్కువైన మర్నాడు ఒంట్లో నీరు నిలిచి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి రోజు అంకెకు దిగులుపడక వారం సగటు చూసుకోవాలి. ఒళ్లు తగ్గినకొద్దీ ఖర్చూ తగ్గుతుంది. ఆమె 70 కిలోలకు వచ్చాక 1910 వచ్చిన లెక్కే 1827 చూపింది. తగ్గడం నెమ్మదించినప్పుడు భోజనం మానేయకుండా లెక్క మళ్లీ వేసుకుని, సాయంత్రం నడక పెంచింది.

సూత్రం ఇచ్చేది అంచనా. అది మీకు సరిపోయిందో లేదో కొన్ని వారాల బరువే చెబుతుంది. మధుమేహానికి మందులు వాడేవారు, గర్భిణులు, బాలింతలు డాక్టరును అడగకుండా తిండి తగ్గించవద్దు. మిగిలినవారు కంచంలో అన్నం తీసేయకముందు, రేపు కూరలో పోసే నూనెను ఒక్కసారి తూచి చూడండి.