శిక్షల మీద సిర్గాపూర్‌లో వినే తప్పుడు సలహాలు

పొద్దున్నే సిర్గాపూర్ చాయ్ హోటల్ దగ్గర నిలబడితే ఏ కేసుకైనా తీర్పు దొరుకుతుంది. రాత్రి టీవీలోనో యూట్యూబ్‌లోనో విన్న చర్చ తెల్లారేసరికి సలహా అయి కూర్చుంటుంది. వాటిలో కొన్ని మన ఇళ్ల మీదికే ఆపద తెచ్చేవి. ఎవరు చెప్పినా వినకండి.

‘గట్టిగ మాట్లాడెటోన్ని గెలిపిస్తే ఉరిశిక్షలు అవే పడ్తయ్.’ మైకు పట్టినవాళ్లు చట్టసభకు వెళ్లడం మనకు కొత్త కాదు. టీవీ జర్నలిస్టు చంటి క్రాంతి కిరణ్ 2018లో అందోల్ ఎమ్మెల్యే అయ్యారు. విలేఖరిగా పనిచేసి వకీలైన రఘునందన్‌రావు 2020లో దుబ్బాక ఎమ్మెల్యేగా, 2024లో మెదక్ ఎంపీగా గెలిచారు. వి6 తీన్మార్ వార్తలతో ఇంటింటికీ తెలిసిన తీన్మార్ మల్లన్న 2024 జూన్‌లో పట్టభద్రుల ఎమ్మెల్సీ అయ్యారు. అంతకు మూడేండ్ల ముందు ఆయనే అరెస్టయి, రెండు నెలలకు పైగా జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చారు. ఎంత గట్టి గొంతుకైనా ఆపద నాడు కావలసింది వకీలు, జడ్జి. ఎన్నికైన మనిషి చట్టం చేయగలడు గానీ, ఫలానా ముద్దాయికి ఎంత శిక్షో తేల్చలేడు. ఆ చట్టం కూడా అన్నంత తేలిక కాదు. అత్యాచార కేసుల్లో 21 రోజుల్లో తీర్పు అంటూ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబరులో దిశ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదం రాక అది అమలుకే రాలేదు.

‘కోర్టులెందుకు? కాల్చి పారేస్తే అయిపోతది.’ అన్నింటికంటే ప్రమాదమైన సలహా ఇదే. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక యువతిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసులో నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పూలు చల్లారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆడపిల్లలున్న ఏ ఇంట్లో ఆ వారం నిద్ర పట్టింది? కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని, చంపాలనే కాల్చారని నివేదిక ఇచ్చింది, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది.

పట్టుబడ్డవాడే దోషి అనుకోవడానికీ లేదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 2007లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఒక దళిత యువకుణ్ణి పట్టుకున్నారు, 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేండ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. సంగారెడ్డి పాత జైలు మ్యూజియంలో 2016లో 500 రూపాయలకు ఒకరోజు ఖైదు బతుకు చూపే ఏర్పాటు చేశారు. రేపు తలుపు తీస్తారని తెలిసి లోపలికి పోవడం వేరు, ఆ పిల్లగాడి ఎనిమిదేండ్లు వేరు. అతన్ని పట్టుకున్ననాడే కాల్చేసి ఉంటే హైకోర్టు ఎవర్ని విడిపించేది?

కోర్టులు కదలవన్న మాట కూడా పూర్తి నిజం కాదు. వరంగల్‌లో 2019 జూన్‌లో పసిపాపపై జరిగిన ఘోరానికి ఆగస్టు 8నే ఉరిశిక్ష పడింది. నవంబరులో హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలుగా మార్చింది. కింది కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖాయం చేస్తేనే అమలు. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి అని 1980లో బచన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

‘ఆ అమ్మాయి ఫొటో గ్రూపుల పెట్టు, అందరికీ తెల్వాలె.’ పెట్టకండి. అత్యాచార బాధితురాలి పేరు, ఫొటో బయటపెడితే రెండేండ్ల దాకా జైలు. దిశ అన్న పేరు వచ్చింది ఆమె అసలు పేరు దాచడానికే.

‘యావజ్జీవమంటే పద్నాలుగేండ్లే.’ కాదు. చచ్చేదాకా. ప్రభుత్వం క్షమాభిక్ష ఇస్తే తప్ప.

‘బెయిలొస్తే కేసు కొట్టేసినట్టే.’ బెయిలు తీర్పు కాదు, వాయిదాలకు వస్తాననే పూచీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం, మొదటిసారి కేసులో పడ్డ మనిషి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగానే గడిపితే బెయిలు ఇవ్వాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. వేరే కేసులూ నడుస్తున్నవాళ్లకు దొరకదు.

‘పైసల్లేనోనికి వకీలు యాడ దొర్కుతడు? నేరం ఒప్పుకో.’ ఈ మాట విని మాత్రం ఎవరూ తలూపకండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, జైల్లో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా సర్కారే ఉచితంగా వకీలును పెడుతుంది. సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. పోలేకపోతే 15100కు ఫోన్ చేయండి. ఆ నంబరు మీ ఇంటి గోడ మీద ఇవాళే రాసి పెట్టుకోండి.