ఆదిశేషుని అయిదు పనులు

గత వారము తాము చేసిన పనులను అయిదు వాక్యములలో వ్రాసి సోమవారము రాత్రి 11 గంటల 59 నిమిషముల లోపల పంపవలసినదని అమెరికా సమాఖ్య ప్రభుత్వోద్యోగులకు 2025 ఫిబ్రవరి 22, శనివారము నాడు వచ్చిన మెయిల్ సంగతియు, జవాబీయనివారు రాజీనామా చేసినట్లే భావింపబడుదురని ఆ మెయిల్‌లో లేని మాటను, డోజ్ అను పొదుపుశాఖకు పెద్దగా చెలామణియైన ఎలాన్ మస్కుగారు తమ సొంత ఎక్స్ వేదికపై చేర్చిన సంగతియు పాఠకులు ఈపాటికి చదివియే యుందురు. చదివి ఆనందించినవారును మనలో తక్కువమంది కారు. "మన ఆఫీసులకు కూడా ఇలాంటి మొనగాడొకడు రావాలండీ, ఒక్కొక్కడు ఏం వెలగబెడుతున్నాడో తేలిపోతుంది" అని రిటైరైన పెద్దమనుష్యులు సైతము, తమ పెన్షను ఒకటవ తారీఖున పడినదా లేదా అని ఫోను చూచుకొనుచునే, అనిరి. నాకు మాత్రము ఆ ఉత్తరము చదివినది మొదలు ఒకే యొక ఉద్యోగిని గూర్చి దిగులు పట్టుకొన్నది. ఆయన ఆదిశేషుడు.

చలించుచుండిన భూమిని చలింపకుండ పట్టుకొమ్మని సాక్షాత్తు బ్రహ్మదేవుడిచ్చిన ఉత్తర్వులపై నియమితుడై, నాటినుండి నేటివరకు సెలవు పెట్టక, ఇంక్రిమెంటు అడుగక, బదిలీకై ఏ మంత్రి గుమ్మమును ఎక్కక, పాతాళములో చీకటిలో పనిచేయుచున్న ఆ మహానుభావుని సర్వీసు రిజిస్టరును ఎవరైన తెరచి చూచినచో అందులో చేసిన పనుల పట్టిక యొక్కటియు కానరాదు. ఏలయనగా ఏమియు జరుగకుండ చూచుటయే ఆయనకు అప్పగింపబడిన పని. అట్టివానికి కుబేరుని వద్దనుండి మెయిల్ వచ్చిననాడు ఏమి కావలెను?

కుబేరుడు ఎందుకు వ్రాయవలెనని మీరడుగవచ్చును. స్వామివారి కళ్యాణమునకు అప్పిచ్చినవాడు ఆయన కదా! ఆ అప్పునకు వడ్డీ నేటికిని మనము కొండయెక్కి హుండీలో వేయుచునే యున్నాము. ఏలినవారి పెండ్లికి ధనమిచ్చినవానికి ఏలినవారి కచేరిలో కుర్చీ వేయుట లోకరీతి. అమెరికాలో పెండ్లికి మారు ట్రంపుగారి ఎన్నిక జరిగినది. మస్కుగారి చదివింపులు 25 కోట్ల డాలర్లకు పైబడినవి.

కావున కుబేరుని పనుపున ఇరువదేండ్లు అటునిటుగా గల యక్షకుమారులు కొందరు, లాప్‌టాపులు చంకనిడుకొని, పాతాళమునకు దిగినారనుకొనుడు. (అమెరికాయే పాతాళమని మన పెద్దలు కొందరు చేసిన వాదము నిజమైనచో వారు దిగనక్కరయే లేదు, అక్కడనే యున్నారు.) దిగినవారికి తొలిచూపుననే కనబడినది దుర్వ్యయము. మోయవలసినది ఒక్క భూమి. మోయుచున్నవి వేయి తలలు. ఒక్క తలతో కావలసిన పనికి 999 తలలు అదనముగా మేపబడుచున్నవని వారు ఆ సాయంకాలమే లోకమునకు చాటిరి. అంతటితో ఆగిరా! శేషుని క్రింద కూర్మము, చుట్టును అష్టదిగ్గజములు, ఒకే భూమిని మోయుటకు మూడు శాఖలు! దిక్కులు నాలుగే యుండగా ఏనుగులు ఎనిమిదేల యని ఆగ్నేయ, నైరుతి, వాయవ్య, ఈశాన్యములలోని పోస్టులను రద్దు చేసిరి. ఈశాన్యమునే ఎత్తివేసినచో మన వాస్తు పండితుల కుటుంబములు ఏమి తిని బ్రతుకవలెనో వారాలోచింపలేదు. కూర్మము మాట చెప్పనే యక్కరలేదు. ఉద్యోగులందరును ఇండ్లు విడిచి ఆఫీసులకు రావలెనని ఉత్తర్వులుండగా, సృష్ట్యాదినుండి ఇంటిని వీపున బెట్టుకొని అందులోనుండియే పనిచేయుచున్న ప్రాణి అది. క్రమశిక్షణా రాహిత్యమునకు అంతకు మించిన నిదర్శన మేమి కావలెను?

ఇక శేషుని పత్రములు తిరుగవేయగా మరికొన్ని ఘోరములు బయటపడినవి. ఈయన పాలకడలిలో విష్ణుమూర్తికి పాన్పుగా నొక ఉద్యోగము, మన తిరుమలలో ఏడు కొండలుగా మరియొక ఉద్యోగము వెలగబెట్టుచున్నాడు. పైగా త్రేతాయుగమున లక్ష్మణుడుగాను, ద్వాపరమున బలరాముడుగాను డెప్యుటేషనుపై వెళ్లి వచ్చినాడు. ఆ కాలమున భూమిని ఎవరు మోసిరని అడుగకుడు. ఎవరో యొక నాగుబాము పూర్తి అదనపు బాధ్యతలతో ఇన్‌ఛార్జిగా ఉండియుండును, మన కలెక్టరేట్లలో ఉండుట లేదా? డెప్యుటేషను ముగించుకొని పాతపనిలో కొత్తగా చేరినాడు గనుక రెండు యుగముల సీనియారిటీ గల ఈ ముదుసలి ఇప్పుడు ప్రొబేషనరు అయినాడు. ప్రొబేషనరును తీసివేయుటకు కారణము చూపనక్కరలేదు.

ఇది కట్టుకథ యని నవ్వెదరేమో! 2025 ఫిబ్రవరిలో అమెరికా శాఖలు పెక్కింటను ఒక్కుమ్మడిగా తీసివేయబడిన ప్రొబేషనర్లలో నిన్నమొన్న చేరిన పిల్లలే కాక, ఏండ్ల తరబడి పనిచేసి ఈమధ్యనే పైపదవికో మరొక శాఖకో మారినందున నిబంధనల దృష్టిలో మరల కొత్తవారైనవారును ఉన్నారు. మీ పనితీరు సంతృప్తికరముగా లేదని వారికి తాఖీదులు అందినవి; అంతకు కొలదిదినముల ముందే మెచ్చుకోలు నివేదికలు అందుకొన్నవారికిని అదే తాఖీదు, అవే అక్షరములు.

శేషుడు సజ్జనుడు, పైయధికారుల మాట జవదాటనివాడు, కావున జవాబీయదలచినాడు. చేతులు లేనివాడగుటచే టైపు కొట్టు భారము నాపైన బడినది. ఆయన చెప్పగా నేను వ్రాసిన చిత్తు ఇట్లున్నది: "సోమవారము భూమిని మోసితిని, కదలలేదు. మంగళవారము కదలలేదు. బుధవారము ముక్కున దురద పుట్టినది, అయినను కదలలేదు. గురువారము 743వ పడగ తిమ్మిరెక్కగా బరువును 744వ పడగపైకి మార్చితిని, ఎక్కడనైన వంటయింటి గిన్నెలు గలగలలాడియున్నచో క్షమింపవలెను. శుక్రవారము కదలలేదు. శని ఆదివారములు సెలవుదినములైనను కదలలేదు, అందుకు ఓవర్‌టైము కోరుట లేదు." రహస్య విషయములు జవాబులో వ్రాయరాదని ఆ మెయిల్ హెచ్చరించినందున తనను ఎవరు మోయుచున్నారో మాత్రము ఆయన చెప్పలేదు.

యక్షకుమారులకు ఈ జవాబు నచ్చలేదు. ఏడు దినములలో ఒక్క అడుగైనను కదలనివానికి జీతమేల?

ఇంతలో ఏలినవారిలో ఏలినవారికే పొత్తు కుదరకపోయెను. జవాబీయవలదని ఎఫ్‌బీఐ, రక్షణ శాఖ, విదేశాంగ శాఖ తమవారికి చెప్పినవి. ఇచ్చుట ఐచ్ఛికమని మెయిల్ పంపిన సిబ్బంది కార్యాలయమే సోమవారమున అన్నది. జవాబీయనివారు సగము తొలగింపబడినట్లేనని ట్రంపుగారు సెలవిచ్చిరి. సగము తొలగింపబడిన శేషుడు భూమిని సగమే మోయవలెను కాబోలు. ఏ సగమును క్రిందికి దింపవలెనో మాత్రము ఉత్తర్వులు రాలేదు. బుధవారము నాటి మంత్రివర్గ సమావేశమున మస్కుగారు మరియొక మాట చెప్పిరి: ఇదంతయు జీతము తీయుచున్నవారు బ్రతికియున్నారో లేదో తెలిసికొనుటకై చేసిన నాడీపరీక్ష మాత్రమేనట. పామునకు నాడి ఎక్కడ పట్టి చూడవలెనో తెలిసిన వైద్యుడెవడైన ఉన్నచో కుబేరునకు దరఖాస్తు చేసికొనవచ్చును, ప్రస్తుతము ఆయన కొలువులో ఖాళీ గల ఉద్యోగము అదియొక్కటియే.

శేషుడు తీసివేయబడిన పిమ్మట ఏమగునో ఊహించుటకు నేను పురాణములను ఆశ్రయింప బోయితిని గాని, అమెరికా ఇంధన శాఖ నాకా శ్రమను తప్పించినది. అణ్వాయుధముల సంరక్షణ చూచు సంస్థలో ఫిబ్రవరి 13 రాత్రి ఉద్యోగులను తీసివేసిరి. వందల సంఖ్యలోనని పత్రికలు, 50 మందికి లోపేనని శాఖవారు. టెక్సస్‌లో అమరిల్లో సమీపమున ఆ ఆయుధములను కూర్చుచు విప్పుచు నుండు పాంటెక్స్ కర్మాగారమునకు సంబంధించినవారును వారిలో ఉండిరి. తీసివేయబడినవారు ఏమి చేయుచుండిరో తీసివేసినవారికి మరునాడు తెలిసినది. వెంటనే రమ్మని పిలువ బోయిరి. కాని మెయిళ్లు అంతకు ముందే మూసివేసినందున, పిలుచుటకు చిరునామాలు దొరకలేదు. కోళ్ల మహమ్మారితో గ్రుడ్ల వెల ఆకాశమంటుచున్న సమయమున ఆ వ్యాధిపై పనిచేయువారిని వ్యవసాయ శాఖ తీసివేసి, పొరపాటైనదని మరల పిలిచినది. బాంబు పేలకుండుట, వ్యాధి ప్రాకకుండుట, విమానములు ఢీకొనకుండుట, ఇట్టివి ఏ అయిదు వాక్యములలోను ఇముడవు. ఏ విపత్తును జరుగని వారము మంచి వారము, ఆ మంచివారమునకు సంజాయిషీ కోరినవాడు మస్కుగారు.

ఆ మస్కుగారికి ఈ అధికారము ఎవరిచ్చిరి? ఆయన ఆ పొదుపుశాఖకు అధిపతి కాడనియు, నిర్ణయములు చేయు అధికారమేదియు ఆయనకు లేదనియు శ్వేతసౌధమువారే ఫిబ్రవరి 17న న్యాయస్థానమునకు ప్రమాణపత్రము సమర్పించిరి. మూడు దినములకు ఆయన మేరీలాండ్ రాష్ట్రమున ఒక సభావేదికపై, అర్జెంటీనా అధ్యక్షుడు బహూకరించిన మరరంపమును రెండుచేతుల నెత్తి ఊపుచు, నల్లకళ్లద్దములతో నృత్యము చేసినంత పని చేసిరి. అధికారము లేనివాని చేతిలో రంపముండెను. అధికారమున్నవారు చప్పట్లు కొట్టిరి. ఒక శాఖ ఉద్యోగులను నియమించుటకు గాని తీసివేయుటకు గాని వేరొక సిబ్బంది కార్యాలయమునకు విశ్వచరిత్రలో ఏ శాసనమును అధికారమీయలేదని ఫిబ్రవరి 27, గురువారము నాడు శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయమూర్తి ఒకరు పలికినపుడు, విశ్వచరిత్ర యన్నారు గనుక శేషుని కేసు కూడ ఆయన పరిధిలోనికి వచ్చునని నాకు ఆశ కలిగినది.

ఇంతవరకు పరిహాసము. ఇక పరిహసించుటకు నాకు నోరు రావడము లేదు.

పొదుపు అన్నారు. అప్పటి 23 లక్షల మంది సమాఖ్యోద్యోగుల జీతభత్యములు మొత్తము సమాఖ్య వ్యయములో నూటికి అయిదు పాళ్ల ప్రాంతమున ఉండెను. అందరిని తీసివేసి తాళములు వేసినను మిగిలిన తొంబదియైదు పాళ్లు అట్లే యుండును. బద్ధకస్థులన్నారు. వారిలో నూటికి 30 మంది వరకు సైన్యములో పనిచేసి వచ్చినవారు. నూటికి ఎనుబదిమందికి పైగా వాషింగ్టనుకు దూరముగా, ఊళ్లలో, అడవులలో, ఆసుపత్రులలో ఉన్నవారు. వర్జీనియా, మేరీలాండ్‌లలో మన తెలుగువారి ఇండ్లలోను ఆ శనివారము రాత్రి భోజనముల వేళ ఆ మెయిల్ తెరువబడినది. ఉద్యోగులను తగ్గించుట ఏ ప్రభుత్వమునకైనను ఉన్న హక్కే. చట్టము చేయవచ్చును, గడువీయవచ్చును, ఫలానా పని ఇక వలదని చెప్పవచ్చును. మన ఆంధ్రప్రదేశ్‌లో 1983 ఫిబ్రవరిలో పదవీవిరమణ వయస్సును 58 నుండి 55కు దింపి 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులను ఒక్కసారిగా ఇంటికి పంపినపుడు ఎన్ని కుటుంబములు తల్లడిల్లినవో ఎరిగినవారు ఇంకను ఉన్నారు. అది కఠినము. సుప్రీంకోర్టు దానిని సమర్థించినను, తరువాత వయస్సు మరల 58కి చేరినను, కఠినమే. కాని ఆనాడు వారికి వయస్సు కారణముగా చెప్పిరి గాని, నీవు దొంగవు, నీవు శవమవు, కాదని నిరూపించుకొనుమని అడుగలేదు.

ఇక్కడ అడిగినది అదియే. జీతమునకై కాదు ఈ మెయిల్. ముప్పదియేండ్లు గౌరవముగా పనిచేసిన మనిషి ఆదివారము నాడు భార్యాబిడ్డల యెదుట కూర్చుండి, తాను బ్రతికియున్నట్లు అయిదు వాక్యములు వ్రాయుచు, అయిదవది దొరకక సిగ్గుతో తల వంచుకొనవలెనని. దానిని చూచి చప్పట్లు కొట్టిన మన పెద్దమనుష్యులను నేను క్షమింపలేను. లంచగొండి గుమాస్తాపై మీకున్న కోపము నాకును కలదు. ఈ రంపము వాని జోలికి పోదు, అతనికి ఏలినవారి ప్రాపు ఎప్పుడును దొరకును. తెగునది ఎవరి అండయు లేనివాడు.

నేను ఉద్దేశములను అంటగట్టుచున్నానని ఎవరైన అనవచ్చును. ప్రభుత్వోద్యోగులు మానసికముగా గాయపడవలెనని, ప్రజలు తమను దుర్మార్గులుగా చూచుచుండగా ప్రొద్దుట లేచి పనికి పోవుటకే వారికి మనసొప్పకుండవలెనని 2023లో ఒక సభలో చెప్పినవారు రస్సెల్ వోట్. ఆ ప్రసంగము 2024 అక్టోబరులోనే వెల్లడియైనది. అది తెలిసియుండియే అమెరికా సెనేటు, 2025 ఫిబ్రవరి 6న, 53కు 47 ఓట్లతో ఆయనను దేశపు బడ్జెటు కార్యాలయమునకు అధిపతిగా ఆమోదించినది.