‘గోపురం రాలేదు’ అను వాక్యానికి సింహాచల టీక

మూలం: “ఇంకొక్కటి తీద్దురూ బాబూ, గోపురం రాలేదు!”

అవతారిక: సింహాచలం కొండ మీద దర్శనం ముగించుకుని బయటికొచ్చిన ఒక గృహిణి, దారినపోయే కుర్రాడి చేతికి ఫోనిచ్చి, సకుటుంబంగా గాలిగోపురం ముందు నిలబడి, వచ్చిన ఫోటో చూసుకుని పలికిన మాట ఇది. ఛందస్సు లేదు. తొందర ఉంది, కిందికి వెళ్లే బస్సు కదలబోతోంది.

ప్రతిపదార్థం: ఇంకొక్కటి = మరో నాలుగైదు; తీద్దురూ = తీసే దాకా ఫోను వెనక్కి పుచ్చుకోను; బాబూ = మునుపెన్నడూ చూడని ఓ పుణ్యాత్ముడా; గోపురం = శిఖరం వరకూ గోపురం; రాలేదు = గుమ్మం దాకానే పడింది.

వ్యాఖ్య: ‘రాలేదు’ అనే క్రియకు ఇక్కడ కర్త గోపురం. తరాలుగా ఉన్నచోటే ఉన్న గోపురం ఎక్కడికి వస్తుంది? కుటుంబం వెళ్లి దాని పాదాల దగ్గర గోడకు ఆనుకుంది, కుర్రాడు వాళ్ల మొహాలు బాగా కనిపించాలని నాలుగడుగులు ముందుకెళ్లాడు. శిఖరం పట్టక ఫోను పైకి వంచాడు. అలా వంచితే గోపురం కళ్లు తిరిగి పడిపోయేవాడిలా వెనక్కి వాలుతుంది. చేయవలసింది దీనికి సరిగ్గా తలకిందులు. కుర్రాడు వెనక్కి వెళ్లి ఆగాలి, కుటుంబమే గోపురాన్ని వదిలి అతని వైపు నడిచి రావాలి. ఫోను నిటారుగా ఉండాలి, అతను కాస్త మోకాళ్లు వంచాలి. మనుషులు నడుము దాకా పడతారు, గోపురం మొత్తం పడుతుంది.

పూర్వపక్షం: ఇంత శ్రమ దేనికి, కెమెరాలో వెడల్పు పెంచే 0.5 నొక్కితే చాలదా? సమాధానం: గోపురం వస్తుంది, నిజమే. అంచున నిలబడ్డ పెద్దత్తయ్య అడ్డంగా సాగుతారు. ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడ్డాక జరిగేవాటికి టీకాకారుడి పూచీ లేదు.

కాలనిర్ణయం: కొండమీది అప్పన్నస్వామి గుడి పడమటి ముఖం. పొద్దున్నే వెళితే సూర్యుడు గోపురం వెనక ఉంటాడు, మొహాలు నల్లబడతాయి. మూడు దాటాక ఎండ ఎదురుగా వచ్చి రాతిమీద పడుతుంది. ఈ ఆలయాన్ని 13వ శతాబ్దంలో తిరిగి కట్టించిన తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుడే కోణార్కనూ కట్టించాడు. అది తూర్పు ముఖం. కనుక ఒకే రాజు గుళ్లలో ఒకదానికి పొద్దున, రెండోదానికి సాయంత్రం కెమెరా తీయాలి. ఇది ఏ గైడూ చెప్పగా వినలేదు.

పాఠాంతరం: ‘గోపురం మసకగా వచ్చింది’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. కొండమీద మంచని మురిసిపోకూడదు. అది చాలావరకు లెన్సు మీద వేలి చందనం. పంచె కొంగుతో తుడిస్తే పోతుంది.

మర్యాద: లోపలికి ఫోను రానివ్వరు. వచ్చినా లాభం లేదు, స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే. 1516లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు కూడా శాసనం వేయించి వెళ్లాడు గానీ స్వామి పక్కన నిలబడి చూపించుకోలేదు.

విశేషం: ఫోటోకు గోపురం కంటే మంచి విషయం మెట్ల దగ్గర అనాసపళ్లమ్మే ఆవిడ. ముందు ఒక పండు కొనాలి, తరవాత “ఫోటో తీసుకోనా అమ్మా” అని అడగాలి. ఆవిడ సరేనని కత్తితో కళ్లు చెక్కుతూ వాలుగా గాట్లు పెడుతుంది, ముక్కల మీద ఉప్పూకారం చల్లుతుంది. ఆ చేతులు తీయాలి, అదీ కత్తి ఆడుతుండగానే. చెయ్యి ఆగిందా, ఆవిడ తలెత్తి, కొంగు సర్దుకుని, ఫోటోకు నవ్వుతుంది.