పర్ల

“మెడ సూడరా గుంటడా! తోకా రెక్కా కాదు, పుంజు పేరు మెడమీదే రాసుంటాది” అనేవాడు మా తాత.

బొబ్బిలి దగ్గర మా ఊళ్లో నాకు అక్షరాలకంటే ముందొచ్చినవి కోడిపుంజుల రంగుల పేర్లు. ఒళ్లంతా ఎరుపైతే డేగ. నలుపైతే కాకి. మల్లెపువ్వులా తెల్లగా ఉంటే సేతువ. మెడమీద నల్ల ఈకలూ తెల్ల ఈకలూ సమంగా కలిస్తే పర్ల. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. బంగారు ఛాయ తేలితే అబ్రాసు. ఇంకా నెమలి, మైల, పింగళ, ముంగిస... రంగులు కలిసినట్టే పేర్లూ కలిసేవి: కాకిడేగ, కాకినెమలి. ఏ రోజు ఏ రంగుకి గెలుపో, ఏ దిక్కు నుంచి బరిలోకి దింపాలో చెప్పే కుక్కుటశాస్త్రం తాతకి కంఠతా వచ్చు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలడానికి విజయనగరంతో కోడిపందెంలో రేగిన పంతమే మూలమని మావైపు చెప్పుకుంటారు. ఆ కథ చెప్పినప్పుడల్లా తాత మధ్యలో ఆగి, ఆ పుంజులు ఏ రంగువో ఎవరూ చెప్పలేదే అని నిజంగానే బాధపడేవాడు.

నాకో సేతువ ఉండేది. పిల్లగా ఉన్నప్పట్నుంచీ నా అరచేతిలో చోళ్లు తిని పెరిగింది. నా గొంతు వినపడితే చాలు, ఎక్కడున్నా మెడ తిప్పి చూసేది. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఎడమకాలికి తాడు కట్టాను. తాడు ఒరుసుకుని కాలిచుట్టూ గాటు పడింది. అయినా నెలగంట పెట్టిన వారానికే ఎవరో పట్టుకుపోయారు. అన్నం మానేసి ఏడుస్తుంటే, “సంకురాత్రికి పందెం గెలిచి నీకు పుంజుని తెస్తాన్రా” అన్నాడు తాత.

కనుమ నాడు మామిడితోటలో బరి కట్టారు. 1974 గేమింగ్ చట్టం ప్రకారం నేరమే, అందుకే రోడ్డుకి అంత దూరం. ఆ రోజు డేగకే గెలుపని తాత డేగమీద కాశాడు. ఎదర పక్షం దింపింది పర్లని. కత్తి కట్టిన కాలికి మందంగా గుడ్డ చుట్టి ఉంది. మొదటి విసురుకే డేగ వెనకడుగేసింది. తాత మొహం చూడలేక నేను గొంతు చించుకుని అరిచాను.

“కొట్రా డేగా!”

పర్ల ఆగిపోయింది. మెడ తిప్పి జనంలోకి చూసింది. డేగకి ఆపాటి సందు చాలింది.

ఓడిన పుంజు గెలిచినవాళ్లది. తాత దాన్ని కాళ్లు పట్టుకుని వేలాడేసుకుని, రెండో చేత్తో నా భుజం తట్టాడు. “ఇయ్యాల గెలిపించింది నీ కేకేరా!”

ఇంటి దగ్గర మామ్మ ఈకలు పీకడానికి దాన్ని మరుగునీళ్లలో ముంచింది. నీళ్లు నల్లబడ్డాయి.

“ఇదేటిది, మెడంతా తెల్లగైపోనాది!” అంది.

తాత పరుగున వచ్చి గిన్నె పక్కన చతికిలబడ్డాడు. చూస్తూ ఉండిపోయాడు. నోట మాట లేదు.

నేను కాలికి చుట్టిన గుడ్డ విప్పాను. తాడు గాటు, ఇంకా మానలేదు.