వేలు పడలేదు!

మా అపార్ట్‌మెంటు 2025 ఆగస్టు 15 ఉదయం 9 గంటల 40 నిమిషాలకు ఆకలిని నిర్మూలించాలని నిర్ణయించింది. కారణం, జెండా వందనంలో మిగిలిపోయిన రెండు డబ్బాల బూందీ లడ్డూలు. 60 ఫ్లాట్లలో సగం మందికి షుగరు, మిగతా సగం మందికి షుగరొస్తుందని భయం. పారేస్తే పాపం, ఇంటికి తీసుకెళితే ప్రమాదం. "ఎవరైనా పేదవాళ్లకు పెట్టేద్దామండీ" అన్నారు సెక్రటరీ గారు. అందరం ఒక్కసారిగా లిఫ్టు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ వంక చూశాం. అతను అప్పటికే నాలుగు తిని, ఐదోది వద్దంటున్నాడు. ఒక్క పేదవాడు చాలడనీ, మా మిగుళ్లకు సరిపడా పేదవాళ్లు నిలకడగా దొరకాలంటే ఒక ఏర్పాటు ఉండాలనీ అప్పుడే తేలిపోయింది. అలా పుట్టింది మా ఫుడ్ బ్యాంకు.

సాయంత్రం వాట్సాప్ గ్రూపులో తీర్మానం పెట్టారు. 42 బొటనవేళ్లు లేచాయి. మా దగ్గర మంచినీళ్ల ట్యాంకు కడిగించడానికి కూడా అన్ని వేళ్లు ఎన్నడూ లేవలేదు.

బ్యాంకు అన్న మాట చెవిన పడగానే మూడో అంతస్తులోని రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు అడగకుండానే చైర్మన్ అయిపోయారు. గేటు పక్కన పెట్టబోయే ఫ్రిజ్జు తలుపు మీద అంటించడానికి నిబంధనలు కూడా ఆయనే రాశారు. ఆహారం తీసుకునేవారు ఆధార్ జిరాక్సు ఇవ్వాలి. రిజిస్టరులో సంతకం చేయాలి. కుటుంబానికి రోజుకు ఒక్కసారే. సీసీ కెమెరా నిఘా ఉంది. మరి ఆహారం పెట్టేవారికి? వారికి ఒక్కటే నిబంధన: పెట్టేటప్పుడు ఫొటో దిగి గ్రూపులో వేయాలి. మొన్నటి సాంబారు ఏ పూట కాచిందని వారిని ఎవరూ అడగరు. ఆయన సర్వీసులో మొండి బకాయిలు చాలా చూశారు. అవన్నీ కోట్లలో తీసుకున్నవాళ్లవి. వాళ్ల మీద తీర్చుకోలేకపోయిన కసి పాపం ఈ సాంబారు తీసుకునేవాళ్ల మీద తీర్చుకున్నారు.

చైర్మన్ గారి అబ్బాయి అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఉంటాడు. "ప్రపంచంలో మొట్టమొదటి ఫుడ్ బ్యాంకు పుట్టింది మావాడి ఊళ్లోనే" అని ఆయన మీటింగులో గర్వంగా చెప్పారు. నిజమే. 1967లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన అక్కడ సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు మొదలుపెట్టాడు. అయితే చైర్మన్ గారు కథలో సగమే చెప్పారు. మిగతా సగం ఏమిటంటే, సూపర్‌మార్కెట్లు పారేసిన చెత్తలోంచి తిండి ఏరి పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి వాన్ హెంగెల్‌కు తారసపడింది. పారేసేదాన్ని బ్యాంకులో డబ్బులాగా ఒకచోట దాచిపెడితే అవసరమైనవాళ్లు తీసుకుంటారు కదా అన్నది ఆమెకు తట్టిన మాట అని చెబుతారు. అంటే మూలధనమంతా ఆ తల్లి బుర్రదే. మా కమిటీలో 11 మందిమి ఉన్నాం. చెత్తడబ్బా దగ్గర పది నిమిషాలు నిలబడ్డ అనుభవం ఒక్కరికీ లేదు. రోజూ నిలబడేది వాచ్‌మన్ భార్య. 60 ఇళ్ల చెత్త వేరుచేసేది ఆమే. ఏ ఇంట్లో ఏం వండారో, ఎంత తిన్నారో, ఎంత పారేశారో లెక్క చెప్పగలిగేదీ ఆమే. ఆమెను కమిటీలోకి పిలుద్దామని ఎవరికీ తోచలేదు. అసలు ఆమె పేరేమిటో మాకు తెలియదు. గ్రూపులో అందరి ఫోన్లలోనూ ఆమె "వాచ్‌మన్ వైఫ్".

ఫ్రిజ్జు ప్రారంభోత్సవానికి మాత్రం ఆమెను తప్పకుండా పిలిచాం. తీసుకునేవాళ్లు లేకుండా ఫొటో రాదు కదా! సెక్రటరీ గారు పులిహోర ప్యాకెట్టు ఒక చివర పట్టుకున్నారు, ఆమె రెండో చివర. ఏడుసార్లు ఇచ్చారు, ఏడుసార్లు తీసుకుంది. మొదటిసారి ఆమె కళ్లు మూసుకుంది. రెండోసారి సెక్రటరీ గారు మూసుకున్నారు. మూడోసారి వెనకాల ఎవరిదో కుక్క అడ్డొచ్చింది. "కొంచెం నవ్వమ్మా" అన్నారు నాలుగోసారి. ఏడోసారికి ప్యాకెట్టు చిరిగి పులిహోర కింద పడింది. ఫొటో బాగా వచ్చింది.

మా గోదావరి వైపు డొక్కా సీతమ్మ గారని ఒక ఇల్లాలు ఉండేవారు. 1841లో పుట్టి 1909లో పోయారు. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళకాని వేళ ఏ బాటసారి గడప తొక్కినా విస్తరి వేసి వడ్డించేవారు. కులం అడగలేదు, ఊరు అడగలేదు. ఆధార్ అప్పటికి లేదు, ఉన్నా అడిగేవారు కాదు. 7వ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకకు రమ్మని పిలుపొస్తే, వచ్చినవాళ్లకు అన్నం ఎవరు పెడతారని ఆమె కదల్లేదట. పోనీ ఫొటో అయినా కావాలంటే, అదీ వద్దన్నారట. ఫొటో పంపకపోతే తన ఉద్యోగానికే ముప్పని కలెక్టరు బతిమాలాక గానీ కెమెరా ముందు కూర్చోలేదని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. జన్మంతా పెట్టింది అన్నం, దిగింది ఒక్క ఫొటో, అదీ ఇంకొకడి ఉద్యోగం నిలబెట్టడానికి. మేం పెట్టింది ఒక్క ప్యాకెట్టు, దిగింది ఏడు. ఈ లెక్కన మా అపార్ట్‌మెంటు సీతమ్మ గారి కన్నా ఏడు రెట్లు ముందుంది.

ఊరికే మమ్మల్ని అనడం ఎందుకు? ఆంధ్రాలో 5 రూపాయల అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు. 2019లో ప్రభుత్వం మారింది, మూతపడ్డాయి. 2024లో మళ్లీ మారింది, మళ్లీ తెరుచుకున్నాయి. బడి పిల్లల మధ్యాహ్న భోజనం కొన్నాళ్లు జగనన్న గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు. హైదరాబాదులో 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైన 5 రూపాయల భోజనం 2025లో ఇందిరమ్మ క్యాంటీన్ అయింది. ఎన్నికలు ఐదేళ్లకోసారి వస్తాయి, ఆకలి పూటకోసారి వస్తుంది. ఈ రెంటికీ కాలం కలవక మధ్యలో పేర్లు మారుతుంటాయి. ఏదేమైనా బోర్డులు రాసే పెయింటరు ఇంట్లో మాత్రం ఆహార భద్రతకు ఢోకా లేదు.

అయినా ఆ 5 రూపాయల పళ్లేన్ని వెక్కిరించడానికి నాకు నోరు రావడం లేదు. ఒకసారి పెద్దాసుపత్రి దగ్గర ఆ క్యూలో నిలబడ్డాను. నా ముందు ఒక ఆటో డ్రైవరు, అతని ముందు రోగి తాలూకు ముసలాయన, ఆ ముందు కోచింగ్ సెంటరు కుర్రాళ్లు ఇద్దరు. ఎవరూ ఎవరికీ ఏదీ రుజువు చేసుకోవడం లేదు. 5 రూపాయల బిళ్ల ఇస్తే అన్నం, పప్పు, కూర, పచ్చడి. ముసలాయన "ఇంకొంచెం పప్పెయ్ బిడ్డా" అని దర్జాగా అడిగాడు. డబ్బిచ్చి తినేవాడు కదా, అడుగుతాడు. మా ఫ్రిజ్జు దగ్గర ఇంకొంచెం అడిగితే కెమెరాలో పడుతుంది.

మా బ్యాంకుకు మొదట్లో డిపాజిట్లు వెల్లువెత్తాయి. అది శ్రావణం. చివరి శుక్రవారం నాడు ఫ్రిజ్జు నిండా వాయనం శనగలే. ఒకరి శనగలు ఇంకొకరింటికి, అక్కడినుంచి మరొకరింటికి తిరిగి తిరిగి, ఎవరింట్లోనూ ఉడకలేక, మొలకలు కూడా వచ్చాక పేదలకు చేరాయి. తరువాత వినాయక చవితి. తొమ్మిది రోజులు ఉండ్రాళ్లు, పులిహోర, చక్రపొంగలి. మధ్యమధ్య పుట్టినరోజు కేకులు, పేరులో సగం అక్షరాలతో. డైటింగ్ మొదలుపెట్టినవాళ్లు వదిలేసిన చిప్స్, డైటింగ్ మానేసినవాళ్లు వదిలేసిన ఓట్స్. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో నూటికి 60 వంతులు హోటళ్లవీ పెళ్లిళ్లవీ కాదు, ఇళ్లలోవి. చైర్మన్ గారు దీన్ని గ్రూపులో పెట్టి, "మన అపార్ట్‌మెంటులో వృథా సున్నా" అని రాశారు. నిజమే, మేం పారేయడం మానేశాం. ఫ్రిజ్జులో పెడుతున్నాం. పారేసే పని వాచ్‌మన్ భార్య చేస్తోంది.

అంతలో పితృపక్షం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. ఫంక్షన్లు ఆగాయి కనుక మిగలడం ఆగింది, మిగలడం ఆగింది కనుక దానం ఆగింది. ఆకలికి మాత్రం పంచాంగం చూసే అలవాటు లేదు. అదే వారం ఫ్రిజ్జు కరెంటు బిల్లు వచ్చింది. ఫ్లాటుకు నెలకు 15 రూపాయలని సెక్రటరీ గారు గ్రూపులో పెడితే 9 బొటనవేళ్లే లేచాయి. "పార్కింగులో గీతలే సరిగ్గా లేవు, ముందు అవి చూడండి" అని నాలుగో అంతస్తు. "ఫ్రిజ్జు రాత్రిపూట ఆపేస్తే?" అని రెండో అంతస్తు. చివరికి మా ప్రాంగణంలో అందరికన్నా ఆకలిగా ఉన్నది ఆ ఫ్రిజ్జే అని తేలింది.

ఒకరోజు వాచ్‌మన్ భార్య మా తలుపు తట్టింది. "సార్, జర గీ కాయితం సదువుండ్రి." చూస్తే రేషన్ కార్డు ఈ-కేవైసీ సంగతి. వాళ్లది పాలమూరు. కార్డులో నలుగురు. ముగ్గురిదీ అయింది, ఆమెది కాలేదు. "నా వేలు వడ్తలేదంటున్నడు డీలరు. మూడుసార్లు పోయొచ్చిన." చెయ్యి చాపింది. ఎనిమిది ఇళ్లలో అంట్లు తోమి తోమి ఆ బొటనవేలు మీద గీతలన్నీ అరిగిపోయాయి. మా గిన్నెల మీద ఆమె వేలిముద్రలు ఎన్ని లక్షలు ఉన్నాయో లెక్కలేదు. మిషను మీద మాత్రం ఒక్కటీ పడదు.

"బియ్యం వస్తున్నాయా మరి?" అన్నాను. ఎందుకు రావు, వాళ్లాయన వేలికి వస్తున్నాయి. ఉగాది నుంచి సన్నబియ్యం, మనిషికి 6 కిలోలు. జూన్‌లో మూడు నెలలవి ఒకేసారి ఇచ్చారు. నలుగురికీ కలిపి 72 కిలోలు. దేశంలో 81 కోట్ల మందికి 2028 చివరిదాకా తిండిగింజలు ఉచితం. అయినా ప్రపంచ ఆకలి సూచీలో 2024లో మనది 127 దేశాల్లో 105వ స్థానం. ర్యాంకు వచ్చినప్పుడల్లా లెక్కే తప్పని ఢిల్లీ ఖండిస్తుంది. ఖండనతో కడుపు నిండే మాటైతే మనం ఎప్పుడో మొదటి స్థానంలో ఉండేవాళ్లం.

"మరి ఫ్రిజ్జులోవి తీసుకుంటున్నావు కదా?" అంది మా ఆవిడ లోపలినుంచి.

"కేకులు ఏం జేస్కుంటమమ్మా? బియ్యం ఉన్నయ్. పప్పు లేదు, నూనె లేదు. వట్టన్నంల కారమేస్కొని తింటున్నరు పోరగాండ్లు."

నాకు ఒక్కసారి 2013 గుర్తొచ్చింది. అమ్మహస్తం అని 185 రూపాయలకు 9 సరుకులు ఇచ్చేవారు. పప్పు, నూనె, చింతపండు, కారం, పసుపు. పథకం పోయింది, హస్తం గుర్తుండిపోయింది. నెల రోజులుగా మా 60 ఇళ్లలో ఏం మిగిలిందో అదే ఆమెకు పెట్టాం. ఆమె ఇంట్లో ఏది లేదో అడిగింది ఒక్కరు లేరు. నేనూ అడగలేదు, ఇప్పుడు ఆమె తలుపు తట్టింది కనుక తెలిసింది. 42 మందిమి కిలో కందిపప్పు చొప్పున పెట్టి ఉంటే, ఆమె ఇల్లు దసరా దాటి సంక్రాంతి దాకా పప్పన్నం తినేది. కానీ కందిపప్పు మిగలదు. కొనాలి.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "సార్, ఒక మాట. గా డబ్బ ఖాళీగనే ఉంటుంది గద. మా రూము చిన్నది, వానలకు బియ్యం పురుగు వడ్తున్నయ్. గండ్ల పెట్టుకోవచ్చునా?"

పెట్టుకోమన్నాను. ఆమె, ఆయన కలిసి బియ్యం మూటలు మోసుకొచ్చి ఫ్రిజ్జు అరల్లో సర్దుతుండగా సెక్రటరీ గారు వాకింగు నుంచి వస్తూ చూశారు. కళ్లు మెరిశాయి. వెంటనే ఫోను తీశారు. ఐదు నిమిషాల్లో గ్రూపులో ఫొటో: నిండు ఫ్రిజ్జు, పక్కన సెక్రటరీ గారు. "మన ఫుడ్ బ్యాంకుకు ఒక అజ్ఞాత దాత నుంచి 20 కిలోల సన్నబియ్యం!"

నా ఫోను మోగుతూనే ఉంది. పక్కన నిలబడ్డ ఆమె తొంగి చూసింది. తెర మీద పచ్చగా, బలంగా, గీత చెరగకుండా ఒకదాని వెనక ఒకటి లేస్తున్న 51 బొటనవేళ్లు.

"అబ్బో! గిన్ని వేళ్లు ఎట్ల వడ్డయ్ సార్?" అంది. "గదేం మిషను?"