నకళ్ళు వద్దనే పాఠానికి నాలుగు నకళ్ళు

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో డీబీఎంఎస్, అంటే డేటాబేస్ నిర్వహణ, అనే సబ్జెక్టు ఉంటుంది. దాన్ని ఒక ప్రైవేటు కాలేజీలో చాలా ఏళ్ళుగా చెబుతున్నవాణ్ణి. అయిదు యూనిట్ల సారం ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: ఒక సంగతిని ఒక్కచోటే రాసుకో. రెండోచోట రాశావా, ఏదో ఒకనాడు మొదటిచోట దిద్ది రెండోచోట మరిచిపోతావు. ఆపైన రెంటిలో ఏది నిజమో బ్రహ్మదేవుడికీ తెలియదు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ వ్యాసం అచ్చువేసి, ఆ వెనకే నార్మల్ ఫారాల లెక్క తేల్చింది ఈ తద్దినం తప్పించడానికే. ఆయనకు 1981లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. మా కాలేజీలో చేరి ఉంటే రికార్డు సబ్మిట్ చెయ్యలేదని ల్యాబ్ బయట నిలబెట్టేవాళ్ళం.

ఎందుకంటే మొదటి రోజు క్లాసులో నేను చదివే నియమావళి ఇలా ఉంటుంది. ప్రతి ప్రోగ్రామూ ముందు అబ్జర్వేషన్ పుస్తకంలో రాయాలి. నేను సంతకం పెట్టాక అదే ప్రోగ్రాము రికార్డులో ఎత్తి రాయాలి. గీతలున్న కుడి పేజీలో క్వెరీ, తెల్ల పేజీలో ఔట్‌పుట్. ఔట్‌పుట్ పట్టికకు అడ్డగీతలూ నిలువుగీతలూ పెన్సిలూ స్కేలూ పెట్టి గీయాలి. కంప్యూటరు రెప్పపాటులో గీసిపారేసిన పద్నాలుగు వరుసల్ని మనిషి అరగంట కూర్చుని గీస్తాడన్నమాట. తర్వాత అదే ప్రోగ్రాము వర్డ్ ఫైల్లో టైపు చేసి పోర్టల్లో ఎక్కించాలి. తర్వాత దానికే ప్రింటు తీసి స్పైరల్ బైండింగు చేయించాలి, తనిఖీ కమిటీ వస్తే చూపించడానికి. లెక్కపెట్టుకోండి, నాలుగయ్యాయి. ఇలా రాయించిన ప్రోగ్రాముల్లో ఆరోది రిడండెన్సీ, అంటే అనవసర నకళ్ళు, తగ్గించుట.

ఇక ఆ రాత ఎలా జరుగుతుందో చూడండి. క్లాసులో ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న అమ్మాయి ఒకతె ఉంటుంది. ఆమె రాస్తుంది, మిగతా యాభై తొమ్మిది మంది చూసి రాస్తారు. ఈ ఏడు ఆ అమ్మాయి మూడో ప్రోగ్రాములో 'వేర్' (WHERE) అనే మాట రాస్తూ మధ్యలో హెచ్ మింగేసింది. అరవై రికార్డుల్లోనూ హెచ్ లేదు. విచిత్రమేమిటంటే పక్క పేజీలో ఔట్‌పుట్ మాత్రం దివ్యంగా వచ్చింది. నేను అన్నిటికీ ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టాను.

పాఠంలోని ఉదాహరణల సంగతి మరో కథ. రామకృష్ణన్, గేర్కే పుస్తకంలో నావికులూ పడవలూ వస్తాయి. ఎర్ర పడవ రిజర్వు చేసుకున్న నావికుల పేర్లు కనుక్కోవాలి. సముద్రం మొహం చూడని నల్గొండ పిల్లవాడు కూడా ఎర్ర పడవ కోసం తరం తర్వాత తరం వెతుకుతూనే ఉన్నాడు. అందులో డస్టిన్ అనే నావికుడికి నేను చదువుకున్నప్పుడూ 45 ఏళ్ళే, ఇప్పుడూ 45 ఏళ్ళే. నా జుట్టు మాత్రం నెరిసింది. ల్యాబులో ఒరాకిల్ వాళ్ళ ఉద్యోగుల పట్టిక ఉంది. అందులో స్మిత్ అనే గుమాస్తా 1980 డిసెంబరు 17న 800 జీతానికి చేరాడు, ఈరోజుకీ 800 మీదే ఉన్నాడు. ఆ పట్టికలో మా లెక్చరర్ల మనసుకు దగ్గరైనవాడు అతనొక్కడే. వైవాలో "రెండో పెద్ద జీతం కనుక్కో" అంటే కుర్రాడు కీబోర్డు ముట్టుకోకుండానే "3000 సార్" అంటాడు. సీనియర్లు చెప్పిన జవాబు. నిజమే, 3000. అది ఇద్దరికి ఉందని మాత్రం అతనికి తెలియదు, ఎందుకంటే పట్టికను గీశాడే గాని చదవలేదు.

హాజరు దగ్గరికి వద్దాం. మా దగ్గర హాజరు రిజిస్టర్లో ఉంటుంది, వేలిముద్ర మిషన్లో ఉంటుంది, పోర్టల్లో ఉంటుంది, తల్లిదండ్రుల ఫోనుకు మెసేజీగానూ పోతుంది. ఒక కుర్రాడికి రిజిస్టర్లో 76 శాతం, మిషన్లో 71, వాళ్ళ నాన్న ఫోన్లో 58. ఆ పెద్దాయన పొలం పని మానుకుని, బస్సెక్కి వచ్చి, ఫోను నా ముందు పెట్టాడు.

"సారూ, మావోడు మూడు తీర్లుగ వస్తున్నడా కాలేజీకి?"

ఒకచోట దిద్ది ఇంకోచోట మరిచిపోయే అప్‌డేట్ అనామలీ మీద రెండు రోజుల ముందే గంటసేపు చెప్పాను. ఆయన ప్రశ్నకన్నా చక్కని నిర్వచనం నాకు తట్టలేదు. మా హెచ్‌ఓడీ గారు చిక్కుముడి చిటికెలో విప్పారు: "71 తీసుకోండి. కండోనేషన్ ఫీజు వస్తుంది." 75 లోపు, 65 పైన ఉన్నవాడు డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చి ఫీజు కడితే పరీక్ష రాయొచ్చు. సెమిస్టరు ఆఖరి వారంలో మా ఊళ్ళో జ్వరాలు అందుకే అంత ఎక్కువ.

నాలుగో యూనిట్లో ట్రాన్సాక్షన్లు. ఒక ఖాతాలో తీసి ఇంకో ఖాతాలో వేసేటప్పుడు జరిగితే మొత్తం జరగాలి, లేదా ఏమీ జరగనట్టే ఉండాలి, మధ్యలో వేలాడకూడదు. ఉదయం తొమ్మిదింటికి ఈ పాఠం చెప్పాను. పదకొండింటికి ఒక అమ్మాయి ఏడుస్తూ వచ్చింది: పరీక్ష ఫీజు బ్యాంకులో కోతపడింది, పోర్టల్లో మాత్రం 'చెల్లించలేదు' అనే ఉంది. ఆఫీసుకు తీసుకెళ్ళాను. గుమాస్తా తలెత్తకుండానే అన్నాడు: "మళ్ళీ కట్టమను. గడువు దాటిందిగా, ఫైన్‌తో కలిపి." పుస్తకంలో రోల్‌బ్యాక్ అంటే తీసిన డబ్బు వెనక్కి రావడం. ఆఫీసులో రోల్‌బ్యాక్ అంటే మనిషి వెనక్కి పోవడం.

నన్ను అడగొచ్చు, ఇన్ని తెలిసినవాడివి సంతకాలెందుకు పెడుతున్నావని. నా ఉద్యోగం ఆ ఆకుపచ్చ ఇంకులోనే ఉంది. పైగా నేను రాసే కోర్సు ఫైలు కూడా మూడు చోట్ల ఉంది, మూడింట్లోనూ తేడాలున్నాయి.

వచ్చే సోమవారం ఎక్స్‌టర్నల్ ల్యాబు పరీక్ష. నిన్న రాత్రి మనసుండబట్టక క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజీ పెట్టాను: మూడో ప్రోగ్రాములో హెచ్ చేర్చుకుని రండి. అరవై మందీ చూశారు. పొద్దున్న రికార్డులు తిరగేస్తే నలుగురు దిద్దారు. ఆ నలుగురిలో ముత్యాల దస్తూరీ అమ్మాయి లేదు.